తెల్లవారుజామున 3 గంటల టీ: ఒక మందుల ఫ్యాక్టరీలో ప్రీమిక్స్ కేసు

ఆఫీసులు, ఫ్యాక్టరీలు, హాస్టళ్ళలో టీ, కాఫీ ఏర్పాట్లు సరిచేయడం నా పని. అంతకుముందు పదకొండేళ్ళు ఒక టీ ప్యాకింగ్ యూనిట్‌లో బ్లెండింగ్ చూశాను. తమిళనాడులోని కూనూరు టీ వేలం నుంచి వచ్చిన డస్ట్ (సన్నటి టీ పొడి) శాంపిళ్ళు రోజుకు నలభై, యాభై కప్పులు నోట్లో పోసుకుని ఊసేవాణ్ణి. అలాంటివాణ్ణి కూడా ఈ కేసులో మూడుసార్లు దారి తప్పాను. ఆ తప్పులు నా ఒక్కడివే కావు, మా పనిలో ఉన్నవాళ్ళు తరచుగా చేసేవే. అందుకే రాస్తున్నాను. కంపెనీ ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

ముందు ఒక పేచీ తీర్చుకుందాం. మన ఇళ్ళలో "టీ పొడి" అంటే సీటీసీ డస్ట్, యంత్రంలో నలిపి, చించి, చుట్టిన ఆకు నుంచి వచ్చే సన్న రకం. మరిగించి, వడకట్టి, పిప్పి పారేసేది. ఇక్కడ నేను మాట్లాడేది పిప్పి మిగలని పొడి గురించి. అందులో రెండు రకాలు. ఒకటి ఇన్‌స్టంట్ టీ, అంటే టీ డికాషన్‌ను ఎండబెట్టిన పొడి. రెండోది ప్రీమిక్స్. అదే ఇన్‌స్టంట్ టీకి పాలపొడి, పంచదార కలిపి ప్యాకెట్ కట్టింది. మెషిన్‌లో బటన్ నొక్కితే వచ్చేది చాలాచోట్ల ఈ రెండోదే. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల ఈ కేసులో రెండు నెలలు వృథా అయ్యాయి.

నేపథ్యం

హైదరాబాద్ శివార్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ. మూడు షిఫ్టుల్లో కలిపి 620 మంది. 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఉండాలని అప్పుడు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ చెప్పేది. ఇక్కడా గేటు పక్కన పెద్ద క్యాంటీన్ ఉంది. టీ మాస్టర్ పెద్ద గిన్నెలో పాలు, డస్ట్, దంచిన అల్లం వేసి మరిగిస్తాడు. ఆ టీ మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

చిక్కు దూరంతో వచ్చింది. ఉత్పత్తి బ్లాకులు గేటుకు అర కిలోమీటరు లోపల. అక్కడ వాడేవి సాల్వెంట్లు, అంటే ఇట్టే అంటుకునే ద్రావకాలు, అందుకని మంట నిషిద్ధం. లోపలికి వెళ్ళేవాడు అగ్గిపెట్టె కూడా గేటు దగ్గర ఇచ్చేయాలి. పొయ్యి సంగతి సేఫ్టీ ఆఫీసర్ దగ్గర ఎత్తితే ఆయన ముఖం చూడాల్సిందే.

బ్రేక్ పదిహేను నిమిషాలు. గౌను, టోపీ, బూట్ల కవర్లు విప్పడానికి మూడు నిమిషాలు. తిరిగి చేతులు కడుక్కుని అన్నీ తొడుక్కోవడానికి నాలుగు. చేతిలో మిగిలేది ఎనిమిది. గేటు దాకా నడిచి రావడానికే పన్నెండు పడుతుంది. వాళ్ళు ఆలస్యంగా రావడం, సూపర్‌వైజర్లతో గొడవ పడటం రోజూ ఉండేవి. దాంతో కంపెనీ బ్లాకుల బయట ఉన్న ఆరు రెస్ట్ రూముల్లో ఆరు ప్రీమిక్స్ మెషిన్లు పెట్టించింది. ఆలోచనలో తప్పేమీ లేదు. మంట లేదు, మనిషి అక్కర్లేదు, పది సెకన్లలో కప్పు.

సమస్య

మొదటి నెల రోజుకు 1,200 కప్పులు పోయాయి. మూడో నెలకు 700. రాత్రి షిఫ్టులో, అంటే టీ అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నచోట, 90 కప్పులకు పడిపోయింది. తెల్లవారుజామున 3 గంటలకు సగంమంది మళ్ళీ గేటుకు నడుస్తున్నారు, మిగతా సగం ఏమీ తాగకుండా కూర్చుంటున్నారు. సేఫ్టీ ఆఫీసర్ టెన్షన్ ఈ రెండో సగం గురించి. రసాయనాలు కలిపి వండే రియాక్టర్ పాత్ర దగ్గర కునుకు తీసే మనిషి ఆయనకు అక్కర్లేదు.

హెచ్‌ఆర్ వాళ్ళు నన్ను పిలిచి అడిగింది ఒక్కటే: "మంచి ప్రీమిక్స్ బ్రాండ్ ఏదో చెప్పండి, చాలు."

నేను ముందు తాగేవాళ్ళను అడిగాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆపరేటర్ ఒకాయన, "ఏటి సార్ ఇది, వేడినీళ్ళలో రంగు కలిపినట్టుంది" అన్నాడు. ఇంకొకరు పాలు విరిగినట్టు పైన తెల్ల పలుకులు తేలుతున్నాయన్నారు. "ఒక రోజు తియ్యగా, ఒక రోజు చప్పగా" అన్నారు మరికొందరు. క్యాంటీన్ టీ మాస్టర్‌ను అడిగితే ఆయన దగ్గర సిద్ధాంతమే ఉంది: "చాయ్ అంటే మరగాలె సార్. గిది మరిగిందా, కలిపిండ్రా?"

ఈ నాలుగు ఫిర్యాదులకు నాలుగు వేర్వేరు కారణాలున్నాయని నాకు ఆ రోజు తట్టలేదు. అన్నీ కలిపి "పొడి బాగోలేదు" అని ఒక్క వాక్యంగా రాసుకున్నాను.

మొదటి తప్పు: గెస్ట్‌హౌస్‌లో రుచి చూపించడం

మూడు కంపెనీల ప్రీమిక్స్ తెప్పించాను. గెస్ట్‌హౌస్‌లో కెటిల్ పెట్టి, ప్రతి కప్పుకు 13 గ్రాములు తూచి, పేరు చెప్పకుండా ముప్పై మందికి ఇచ్చాను. ఒక రకానికి స్పష్టంగా మెజారిటీ వచ్చింది. అదే ఆరు మెషిన్లలో నింపించాను. వారం రోజులు కప్పులు పెరిగాయి. రెండో వారం మళ్ళీ మామూలే.

ఎక్కడ తప్పానో తర్వాత చూస్తే సిగ్గేసింది. గెస్ట్‌హౌస్‌లో నేను వాడింది బబుల్ టాప్ క్యాన్ నీళ్ళు. పింగాణీ కప్పు. తూచిన పొడి. కెటిల్‌లో తెర్లిన నీళ్ళు. మెషిన్ దగ్గర ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. నేను పొడికి పరీక్ష పెట్టానే గానీ, వాళ్ళు తాగే టీకి పెట్టలేదు.

లెక్క చూస్తే బయటపడింది

రెండోసారి వెళ్ళినప్పుడు రుచి జోలికి పోలేదు. మెషిన్‌లో కప్పుల కౌంటర్ ఉంటుంది, స్టోర్‌లో ప్రీమిక్స్ ఎన్ని కిలోలు ఖర్చయిందో రిజిస్టర్ ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టాను. ఆ నెల 21,000 కప్పులు. పొడి 190 కిలోలు. అంటే కప్పుకు 9 గ్రాములు. ప్యాకెట్ మీద 13 వేయమని ఉంది. ఆ లెక్కన 273 కిలోలు కావాలి.

ఇలాంటి మెషిన్లలో సాధారణంగా పొడి డబ్బా కింద మరలాంటి స్క్రూ ఒకటి ఉంటుంది. అది ఎన్ని సెకన్లు తిరిగితే అంత పొడి పడుతుంది. సెటింగ్ తెరిచి చూస్తే 1.8 సెకన్లు ఉండాల్సింది 1.2 ఉంది. ఎవరు మార్చారన్నది పెద్ద రహస్యమేమీ కాదు. మెషిన్ నడిపే ఏజెన్సీకి కంపెనీ కప్పుకు ఇంత అని చెల్లిస్తోంది, పొడి ఖర్చు ఏజెన్సీది. కప్పుకు పొడి తగ్గేకొద్దీ మిగులు పెరుగుతుంది. ఆ సెటింగ్ మార్చిన కుర్రాడిని నేను తప్పు పట్టలేదు, అతనితో ఆ పని చేయించింది ఆ కాంట్రాక్టే. కౌంటర్‌కు కాకుండా వాడిన కిలోలకు డబ్బు, దానికి తోడు మెషిన్ నిర్వహణకు విడిగా నెలసరి రుసుము అని మార్పించాను. ఇప్పుడు పొడి తక్కువ వేస్తే ఎవరికీ లాభం లేదు. ఈ పనిలో నేను ఇచ్చిన సలహాల్లో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఇందులో టీ ప్రసక్తే లేకపోవడం విచిత్రం.

"వేడినీళ్ళలో రంగు" ఫిర్యాదు తగ్గింది. తెల్ల పలుకులు తగ్గలేదు. నిజానికి పొడి పెంచాక ఇంకా స్పష్టంగా కనపడసాగాయి.

నీళ్ళు

ఈసారి రాత్రి షిఫ్టుకే వెళ్ళాను. 3 గంటలకు ఒక రెస్ట్ రూమ్‌లో కప్పు పట్టుకుని ట్యూబ్‌లైటు కింద నిలబడ్డాను. పైన పలచని పొర. చెంచాతో లాగితే ముడతలు పడింది. దాని కింద ఇసుక రవ్వల్లా తెల్లవి. కప్పు వంచితే అంచు చుట్టూ గోధుమ రంగు గీత మిగిలింది. బ్లెండింగ్‌లో ఉన్నప్పుడు ఈ గీత వందలసార్లు చూశాను. చూడగానే గుర్తుపట్టకపోవడం వయసు ప్రభావమనుకుంటాను.

అది బోరు నీళ్ళ గీత. నీళ్ళలో కాల్షియం, బైకార్బనేట్ ఎక్కువుంటే టీలోని పదార్థాలతో కలిసి పైన తెట్టు కడుతుంది. పాలపొడి కలిపిన టీలో ఇంకో తంటా ఉంది. వేడికి, కాల్షియానికి పాల ప్రొటీన్ గడ్డకట్టి పలుకులుగా తేలుతుంది. పాలు విరిగాయని వాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం. నేనే దాన్ని మాటవరసకు అన్నదిగా తీసుకున్నాను. అది నా రెండో తప్పు.

మెషిన్ పైపును వెనక్కి పట్టుకుంటూ వెళ్తే చేతులు కడుక్కునే కుళాయి లైన్‌కు చేరింది. బిగించినవాడికి దగ్గర్లో దొరికింది అదే. మధ్యలో ఒక క్యాండిల్ ఫిల్టర్ ఉంది గానీ అది మట్టిని ఆపుతుంది, కాఠిన్యాన్ని (నీళ్ళలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల్ని) కాదు. కొలిస్తే ఆ కాఠిన్యం లీటరుకు 540 మిల్లీగ్రాములు. తాగునీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం 200 దాకా మంచిదంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. అంటే తాగితే ప్రమాదం లేదు, టీకి మాత్రం పనికిరాదు. ట్యాంకు విప్పితే హీటర్ కాయిల్ మీద సున్నపు పెంకు రెండు మిల్లీమీటర్ల మందం ఉంది. అందుకే 90 డిగ్రీలు చూపించే మెషిన్ నుంచి కప్పులోకి 78 డిగ్రీల నీళ్ళు పడుతున్నాయి.

యూనియన్ తరఫు అన్న ఒకాయన సాఫ్ట్‌నర్ పెట్టించమన్నాడు, వాళ్ళ ఇంట్లో ఉందట. నేను వద్దన్నాను. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి ఆ చోట సోడియం పెడుతుంది, బైకార్బనేట్ అలాగే ఉంటుంది. పెంకు కట్టడం ఆగుతుంది కానీ క్షారగుణం పోదు. ఆ నీళ్ళలో టీ నల్లగా, మొద్దుగా వస్తుంది. వంటసోడా వేసి మరిగించిన టీ తాగినవాళ్ళకు ఆ రుచి తెలుసు. తాగునీటి కోసం ఫ్యాక్టరీలో అప్పటికే ఆర్‌ఓ ప్లాంటు ఉంది. ఆ లైన్ నుంచి ఆరు మెషిన్లకూ పైపు లాగించాం. ఆ ప్లాంటు నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 30 దగ్గర ఉండేది, అది మరీ చప్పన. కొద్దిగా బోరు నీళ్ళు కలిపి 120 దగ్గర నిలిపాం. ట్యాంకులు విప్పి సిట్రిక్ ఆసిడ్‌తో పెంకు తీయించాం.

మర్నాటి నుంచి పలుకులు లేవు. రాత్రి షిఫ్టు కప్పులు 90 నుంచి 150కి వచ్చాయి.

మధ్యలో టీ బ్యాగుల ముచ్చట

ఇదంతా జరుగుతుండగానే హెడ్ ఆఫీస్ నుంచి ఒక సలహా వచ్చింది. మెషిన్లు ఎందుకు, డిప్ టీ ఇచ్చేయండి, మా దగ్గర అందరూ అదే తాగుతున్నారని. ఒక బ్లాకులో నాలుగు రోజులు ఇచ్చి చూశాం. వేడినీళ్ళు, బ్యాగు, పాలపొడి సాచెట్, పంచదార సాచెట్, కలపడానికి పుల్ల. ఇవన్నీ విప్పి, ముంచి, పిండి, కలిపేసరికి నాలుగు నిమిషాలు. ఉన్నది ఎనిమిది. పైగా చాలామంది పాలపొడి ముందే కలిపేసి ఆ తర్వాత బ్యాగు ముంచారు. పాలలో బ్యాగు నుంచి దిగేది తక్కువ, పాల ప్రొటీన్ టీలోని వగరును పట్టేస్తుంది. పాలిపోయిన టీ వచ్చింది. దానికి వాళ్ళు కనుక్కున్న విరుగుడు కప్పుకు రెండు బ్యాగులు. నాలుగో రోజు చెత్తబుట్ట చుట్టూ చీమలు. శుభ్రత మీద ఆడిట్లు జరిగే చోట అవి కనపడితే ఇంకేమైనా ఉందా?

ఒక్కచోట మాత్రం బ్యాగులు నిలిచాయి. క్వాలిటీ ల్యాబ్‌లో పాలు లేకుండా తాగేవాళ్ళు పదిహేను మంది ఉన్నారు. కూర్చుని చేసే పని, టీ రంగు దిగేదాకా ఆగే తీరిక ఉంది. వాళ్ళకు బ్యాగులే ఉంచేశాం.

ఫ్లాస్కులు, ఇరానీ హోటల్

మెషిన్ టీ తాగగలిగేలా అయింది గానీ ఇష్టపడేలా కాలేదు. "పొడి వాసన" అనేవాళ్ళు మిగిలే ఉన్నారు, వాళ్ళ మాట సబబే. అప్పుడు క్యాంటీన్ టీనే పది లీటర్ల స్టీలు ఫ్లాస్కుల్లో బ్లాకులకు పంపి చూశాం. ఉదయం 10 గంటల బ్రేక్‌కు అదిరింది. కానీ రాత్రి ఫ్లాస్కులు 11 గంటలకే నింపి పంపేవారు. అప్పుడు నింపిన టీ 3 గంటలకు ముదురు రంగుకు తిరిగి, మాగిన పాల వాసన కొట్టింది. థర్మామీటర్ పెడితే 52 డిగ్రీలు. పాలు కలిపినదాన్ని 60 పైన ఉంచకుండా గంటలు నిలవ పెట్టడం నాకు భయం. ఆపేశాం.

ఆ వారంలోనే ఒక సాయంత్రం సికింద్రాబాద్‌లో పాత ఇరానీ హోటల్‌లో కూర్చుని ఉన్నాను. కౌంటర్ వెనక మాస్టర్ దగ్గర రెండు పాత్రలు. ఒకదాంట్లో మూత బిగించి దమ్ మీద ఉన్న డికాషన్, ఇంకోదాంట్లో మరిగి మరిగి చిక్కబడ్డ పాలు. కప్పులో పాలు సగం పోసి, పైనుంచి డికాషన్ ధారగా వదిలాడు. పౌనా (పాళ్ళు మార్చిన రకం) అడిగినవాడికి కొలత మార్చాడు. రెండూ కలిసేది కప్పులోనే. ఏళ్ళ తరబడి చూస్తున్న దృశ్యమే, ఆ రోజు మాత్రం ఫ్లాస్కు గుర్తొచ్చింది. గంటల తరబడి నిలవున్నా ఆ టీ ఎందుకు చెడటం లేదంటే, తాగేదాకా అక్కడ టీ అనేదే లేదు. డికాషన్, పాలు విడివిడిగా ఉన్నాయి.

మర్నాడు రెండు నిర్ణయాలు తీసుకున్నాం. పగటి షిఫ్టులకు రెండు ఫ్లాస్కులు: ఒకటి డికాషన్, ఒకటి పంచదార లేని పాలు. రాత్రికి మెషిన్లో కూడా ఇదే పద్ధతి. ప్రీమిక్స్ మానేసి మూడు డబ్బాల మెషిన్: ఒకదాంట్లో వట్టి ఇన్‌స్టంట్ టీ, ఒకదాంట్లో పాలపొడి, ఒకదాంట్లో పంచదార.

రాత్రికి కూడా డికాషన్ ఫ్లాస్కే పంపొచ్చు కదా అని అడిగారు. ఒక రాత్రి పంపి చూశాం. చిక్కటి డికాషన్ చల్లారితే మడ్డిగా మారుతుంది. టీలోని రంగు పదార్థాలు, కెఫీన్ ఒకదాన్నొకటి పట్టుకుని పేరుకోవడం వల్ల అలా అవుతుంది. వేడిచేస్తే మళ్ళీ తేటపడుతుంది, చెడిపోయిందని కాదు. కానీ అర్ధరాత్రి మనిషికి మడ్డి టీ చూపించి రసాయన శాస్త్రం చెప్పలేం.

చివరి తప్పు: 0.8 గ్రాములు

టీ ఆకు బరువులో వేడినీళ్ళలోకి దిగేది మూడో వంతు నుంచి 40 శాతం దాకా. ఆ దిగినదాన్ని చిక్కబరిచి, గోపురంలాంటి గదిలో వేడిగాలిలోకి తుంపరగా చిమ్మితే నీరు ఆవిరై పొడి రాలుతుంది. అదే ఇన్‌స్టంట్ టీ. మున్నార్ కొండల్లో దశాబ్దాలుగా ఇది తయారవుతోంది. అంటే ఇంట్లో రెండు గ్రాముల డస్ట్ చేసే పని ఇక్కడ 0.8 గ్రాములు చేస్తుంది. కప్పుకు 0.8 టీ, 6 పాలపొడి, 5 పంచదార అని కాగితం మీద రాసి ఇచ్చాను. కాగితం మీద చాలా బాగుంది.

మొదటి రోజే ఒకరి కప్పు సిరాలా, పక్కవాడిది పాలలా వచ్చింది. 13 గ్రాముల ప్రీమిక్స్ వేసేటప్పుడు స్క్రూ 0.3 గ్రాము అటూఇటూ అయినా ఎవరికీ తెలియదు. 0.8లో అదే 0.3 తేడా వస్తే టీ మారిపోతుంది. ఈ లెక్క మెషిన్ తెప్పించకముందే వేసి ఉండాల్సింది. ఖాళీ కప్పులో పదిసార్లు పొడి మాత్రమే పడేలా చేసి తూచాం: 0.4 నుంచి 1.3 దాకా.

అప్పుడు రెండు దారులున్నాయి. టీ పొడిని కొంత పంచదారతో కలిపి బరువు పెంచితే కొలత సులువవుతుంది. చాలామంది చేసేది అదే. నేను ఒప్పుకోలేదు. కారణం, యాభై దాటిన ఒక ఆపరేటర్. ఆయనకు షుగర్ ఉంది. పాత మెషిన్లో రోజుకు ఐదు కప్పులు "లైట్" అన్న బటన్ నొక్కి తాగుతున్నాడు, అది పంచదార తక్కువ టీ అనుకుని. ప్రీమిక్స్ మెషిన్లో ఉన్నది ఒకటే డబ్బా. లైట్ అంటే అదే పొడి కొంచెం తక్కువ పడటం, అంతే. ఆ ప్యాకెట్ వెనక పదార్థాల వరసలో మొదటి పేరే పంచదార. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలన్నది లేబుల్ నియమం. వందకు 52 గ్రాముల చొప్పున మామూలు కప్పులో దాదాపు ఏడు గ్రాములు. "డాక్టర్ దగ్గర నేను చక్కెర టీ మానేశానని చెప్తున్నా సార్" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, బటన్ చెప్పింది. ఇలాంటి బటన్ నా చేతుల మీదుగా మళ్ళీ రాకూడదనుకున్నాను.

అందుకే రెండో దారి. టీ డబ్బాకు మాత్రం సన్నని చుట్టలున్న స్క్రూ వేయించాం. అది ఒక్కో చుట్టుకు తక్కువ పొడి తోస్తుంది కాబట్టి అరసెకను బదులు 1.6 సెకన్లు తిరగాలి. ఎక్కువసేపు తిరిగితే చిన్న తేడాలు సర్దుకుపోతాయి. మళ్ళీ పదిసార్లు తూచాం: 0.7 నుంచి 0.9 లోపే.

ఆ తర్వాత వాన మొదలైంది. ఇన్‌స్టంట్ టీకి గాలిలో తేమ తగిలితే చాలు, పీల్చేస్తుంది. రెండో రోజుకే డబ్బా నోటి దగ్గర బెల్లం పాకంలా సాగింది. మెషిన్లో కప్పు నుంచి లేచే ఆవిరిని బయటకు లాగే చిన్న ఫ్యాన్ ఉంటుంది. దానికి ధూళి పట్టి తిరగడం మానేసింది, ఆవిరంతా పైకి పొడి నోటికే పోతోంది. ఫ్యాన్ శుభ్రం చేయించి, డబ్బా నిండా పోయకుండా ఒక్క షిఫ్టుకు సరిపడినంతే పోయాలని, షిఫ్టు మారేటప్పుడు నోరు పొడిగుడ్డతో తుడవాలని రాసి మెషిన్ తలుపు లోపల అంటించాం. తడిగుడ్డ వాడొద్దని ఎర్ర అక్షరాల్లో. ఎందుకంటే మొదటిసారి తడిగుడ్డే వాడారు.

అల్లం రుచి కోసం శొంఠి పొడి కలిపిన ప్రయోగం మూడు రోజులు సాగింది. కప్పు అడుగున మట్టిలా దిగింది. వదిలేశాం.

ఏది పనిచేసింది

రెండు నెలల తర్వాత లెక్క చూస్తే రాత్రి షిఫ్టు 240 కప్పులు. 3 గంటలకు గేటు వైపు నడిచేవాళ్ళు దాదాపు లేరు. పగటిపూట రెండు ఫ్లాస్కులు. మెషిన్లు ఆరింటికి బదులు నాలుగు.

నన్ను ఆశ్చర్యపరిచింది రాత్రివాళ్ళ వాడకం. టీ, పాలు, పంచదార విడివిడి బటన్లు కాబట్టి ఎవరి చిట్కా వాళ్ళు కనిపెట్టారు. ఒకతను టీ రెండుసార్లు, పాలు ఒకసారి నొక్కి, నీళ్ళు సగానికి రాగానే కప్పు లాగేస్తాడు. "కడక్" అని దానికి పేరు పెట్టారు. ఆ పేరు ఒక స్టిక్కర్ మీద రాసి బటన్ల పక్కన అంటించారు కూడా. మొదటి ఫిర్యాదుల్లో "ఒక రోజు తియ్యగా, ఒక రోజు చప్పగా" అన్నది కూడా ఇక్కడితో పోయింది. తేడా ఇప్పుడూ ఉంది, కానీ అది ఎవరికి వారు చేసుకుంటున్న తేడా.

పొడి వాసన పూర్తిగా పోలేదు. ఎండబెట్టేటప్పుడు ఎగిరిపోయిన సువాసనను ఏ మెషినూ తిరిగి తేలేదు. ఫ్రీజ్ డ్రై చేసిన (గడ్డకట్టించి ఎండబెట్టిన) రకం తెచ్చి చూపిస్తే బాగుందన్నారు, దాని ధర చూసి కంపెనీ వద్దంది. నేనూ పట్టుబట్టలేదు. పాలు, పంచదార కలిసిన కప్పులో ఆ తేడాకు అంత డబ్బు దండగ.

నాకు మిగిలినవి

ఇలాంటి పని ఇప్పుడు మొదలుపెడితే నేను చేసే వరస వేరు. మొదట కౌంటర్, కిలోల రిజిస్టర్ అడుగుతాను. తర్వాత మెషిన్ పైపు ఏ కుళాయికి పోతుందో నడిచి చూస్తాను. రుచి పరీక్ష పెడితే ఆ మెషిన్ దగ్గరే, ఆ నీళ్ళతోనే, ఆ కాగితపు కప్పులోనే. బ్రాండ్ చివర. ఫిర్యాదు ఎవరు ఏ మాటల్లో చెప్పారో అదే మాటల్లో రాసుకుంటాను. విరిగిందన్నారంటే విరిగిందనే.

మంట పెట్టగలిగే చోట, మనిషి నిలబడగలిగే చోట మరిగించిన టీకి పొడిని పోటీగా నిలపమని నేనెవరికీ చెప్పను. అది గెలవదు. ఆ రెండూ లేని చోట మాత్రం బ్యాగు కంటే పొడే మేలు. అప్పుడు కూడా ప్రీమిక్స్ కాదు, విడి డబ్బాలు. ఖర్చు ఎక్కువంటారు. నిజమే, మెషిన్ ఖరీదు ఎక్కువ, నింపే పని మూడింతలు.

ఏడాది తర్వాత ఒకసారి వెళ్ళాను. ఏజెన్సీ కొత్త కుర్రాడు వచ్చాడట, టీ మళ్ళీ పలచబడిందన్నారు. నేను సెటింగ్ తెరవబోతుంటే రాత్రి షిఫ్టు ఆపరేటర్ ఒకతను, "ఆగండి సార్" అని రెస్ట్ రూమ్ అలమరలోంచి చిన్న తక్కెడ తీశాడు. ల్యాబ్‌లో పాతబడితే అడిగి తెచ్చుకున్నారట. ఖాళీ కప్పు పెట్టి, టీ బటన్ పదిసార్లు నొక్కి, గోడ మీద పెన్సిల్‌తో గీసిన గడుల్లో రాశాడు. సగటు 0.6. "చూశారా, స్క్రూకు పాకం పట్టింది" అని పొడిగుడ్డ కోసం చెయ్యి చాచాడు.